పాత నాణెం కొనేముందు: నకిలీని, చెక్కి మార్చినదాన్ని పట్టడం ఎలా

పాత నాణేలు పోగుచేసేవాళ్ళకు ఎదురయ్యే దొంగ సరుకు మూడు రకాలు. ఏ టంకశాలా ఎన్నడూ కొట్టని నాణెం ఒకటి. సీతారామ లక్ష్మణుల బొమ్మతో, ఈస్టిండియా కంపెనీ పేరుతో తిరిగే రాగి బిళ్ళ అలాంటిదే. నిజంగా ఉన్న నాణేనికి పోతపోసిన నకలు రెండోది. అసలు నాణేన్నే తీసుకుని ఏడాది అంకెనో, టంకశాల గుర్తునో చెక్కి అరుదైనదిగా మార్చింది మూడోది. మొదటిదాన్ని ఉన్నచోటే పట్టేయొచ్చు. రెండోదానికి త్రాసు కావాలి. మూడోదానితోనే తంటా, ఎందుకంటే దాని బరువూ వెండీ మోతా అన్నీ సరిపోతాయి.

మూడింటికీ పనికొచ్చే పట్టు ఒకటుంది. నాణెం మీద ఏడాదిని మార్చడం తేలిక. ఆ ఏడాదితో పాటు రావాల్సిన రాజు పేరు, బొమ్మ తీరు, లోహం, బరువు, అంచు అన్నిటినీ మార్చడం ఎవరివల్లా కాదు. కింద చెప్పేదంతా ఆ పొంతన చూసుకోవడం గురించే.

ముందు సామాను

గ్రాములో వందో వంతు దాకా చూపించే చిన్న త్రాసు కొనండి. ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే వస్తుంది. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం నగల పని సామాను అమ్మే కొట్లలో దొరుకుతుంది. నెల్లూరు వాళ్ళయితే ఆచారి వీధిలో ఎవరినడిగినా దారి చూపిస్తారు. ఒక అయస్కాంతం, అడ్డకొలత చూడటానికి ప్లాస్టిక్ వెర్నియర్, కుట్టుదారం, గాజు గ్లాసు, పూతలు తుడవడానికి కొంచెం అసిటోన్ ఉంటే చాలు.

వీటన్నిటికంటే పనికొచ్చే సామాను ఇంకోటుంది: అదే రకానికి చెందిన చవకైన అసలు నాణెం. అయిదో జార్జి అరుదైన రూపాయి కొనాలని మనసుపడితే, ముందు అదే రాజుది బాగా దొరికే ఏడాదిది, వెండి ధరకు కాస్త అటూ ఇటూగా వచ్చేది ఒకటి కొని దగ్గర పెట్టుకోండి. రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు కనిపించే తేడా ఏ ఫొటోలోనూ కనపడదు. చాలామంది ఈ ఖర్చు దండగనుకుంటారు. నన్నడిగితే సేకరణలో మొదటి ఖర్చే ఇది కావాలి.

కథ వినొద్దు, ఏడాది చదవండి

"మా తాత పెట్టెలో ఉన్నిందన్నా, నాకేం తెలవదు" అని మొదలుపెడతారు. నిజమూ కావచ్చు. తాతలూ మోసపోయి ఉండొచ్చు కదా. కథను పక్కనబెట్టి నాణేన్ని చేతిలోకి తీసుకోండి.

ఎక్కువగా తగిలేవి రామదర్బారు, హనుమంతుడు, కృష్ణుడు బొమ్మల రాగి బిళ్ళలు. వెనకవైపు 'ఈస్ట్ ఇండియా కంపెనీ', 'యూకేఎల్ వన్ అణా' అనో 'హాఫ్ అణా' అనో ఇంగ్లీషులో ఉంటుంది. ఏడాది చాలావాటి మీద 1818. ఇవి మొక్కుబడి బిళ్ళల్లాంటివి, డబ్బుగా ఏ రోజూ చెలామణీ కాలేదు. కంపెనీ దేశమంతటికీ ఒకే రకం నాణేలు మొదలుపెట్టిందే 1835లో. ఆ వరసలో రాగిలో వచ్చినవి అర్ధణా, కాణీ, దమ్మిడీ. అణా బిళ్ళ చాలాకాలం తర్వాత, ఎడ్వర్డ్ రాజు హయాంలో, రాగి నికెల్ మిశ్రమంలో పూరేకుల అంచుతో వచ్చింది. కాబట్టి 1818 నాటి రాగి 'వన్ అణా' అన్నప్పుడే లెక్క తప్పింది.

అయితే ఒక మాట. "కంపెనీ వాళ్ళు మన దేవుళ్ళను నాణేల మీద వెయ్యనే లేదు" అని కొందరు చెప్పే కారణం తప్పు. మద్రాసులో కంపెనీ కొట్టించిన బంగారు వరహాల మీద స్వామి, ఇద్దరు దేవేరులు ఉన్నారు. వాటిని మూడు స్వాముల వరహాలంటారు. 19వ శతాబ్దం మొదట్లో మద్రాసు టంకశాల కొట్టిన వెండి అర వరహా మీద ఒకవైపు నక్షత్రాల మధ్య గోపురం, రెండోవైపు విష్ణుమూర్తి, ఆయన చుట్టూ తమిళ, తెలుగు అక్షరాలు ఉంటాయి. అసలు నాణెంలో తెలుగు ఉంది, రామదర్బారు బిళ్ళలో ఒట్టి ఇంగ్లీషే ఉంది. అమ్మేవాడితో వాదన వస్తే ఇది గుర్తు చేయండి.

మనవాళ్ళు ఈ బిళ్ళల దగ్గర త్వరగా మెత్తబడటానికి కారణముంది. రామదాసును విడిపించడానికి రాముడే వచ్చి తానీషాకు రామమాడలు చెల్లించాడన్న కథ వింటూ పెరిగాం. ఆ భక్తిని అడ్డుపెట్టుకుని బేరం పెడతారు. పూజలో పెట్టుకోవాలనుకుంటే నిక్షేపంగా పెట్టుకోండి, రాగి ధరకు కొనండి.

ఇవే బిళ్ళలు 'రైస్ పుల్లర్' పేరుతో ఇంకో వేషం వేస్తాయి. పిడుగు పడిన రాగి అనీ, ఇరిడియం చేరిందనీ, బియ్యపు గింజల్ని లాగేస్తుందనీ, విదేశాల్లో కోట్లిస్తారనీ చెబుతారు. మొలగొలుకుల వరి పండించిన మన నెల్లూరు జిల్లాలో బియ్యం లాగే మహిమ చెప్పి డబ్బు లాగడం విడ్డూరమే. కిటుకు చిన్నది: బిళ్ళలోనో దాని కిందనో అయస్కాంతం, గింజలకు ఇనుప రజను. పరీక్షించాలనుకుంటే మీ ఇంటి డబ్బాలోని బియ్యం మీరే తీసుకెళ్ళండి. సాధారణంగా ఆ రోజు 'ముహూర్తం బాగుండదు'. 'టెస్టింగ్ ఫీజు' అన్న మాట వినగానే లేచి వచ్చేయండి.

రాజు, పేరు, ఏడాది కలిశాయా?

వెండి రూపాయిల విషయంలో ఈ కొన్ని గుర్తుంటే సగం నకిలీలు రాలిపోతాయి. నాలుగో విలియం రూపాయి మీద ఏడాది 1835 ఒక్కటే. కంపెనీ పేరుతో విక్టోరియా రూపాయి 1840ది. కంపెనీ పాలన 1858లో పోయింది గనుక 1862 రూపాయి మీద కంపెనీ పేరు ఉండదు. 1862 అన్న ఏడాదితోనే తర్వాత చాలా ఏళ్ళు కొట్టారు, అందుకే అది బాగా దొరుకుతుంది. దాన్ని అరుదని చెప్పి అమ్మితే నాణెం అసలైనా బేరం మోసమే. 1876 వరకు 'విక్టోరియా క్వీన్', 1877 నుంచి 'విక్టోరియా ఎంప్రెస్'. 'క్వీన్' అని ఉండి 1885 అని కనిపిస్తే ఇంకేం చూడక్కర్లేదు. ఎడ్వర్డ్ రూపాయిలు 1903 నుంచి 1910 దాకా, అయిదో జార్జివి 1911 నుంచి 1922 దాకా. ఆ తర్వాత చెలామణీకి రూపాయి మళ్ళీ వచ్చింది ఆరో జార్జి బొమ్మతో, 1938 ఏడాది వేసి. 1927 నాటి జార్జి రూపాయి అని ఎవరైనా చూపిస్తే నవ్వి తిరిగి ఇచ్చేయండి.

ఇక చెక్కి మార్చినవి. 1911 రూపాయి మంచి ఉదాహరణ. ఆ ఏడాది నాణెం మీద రాజు అంగీపై ఉన్న ఏనుగు బొమ్మ, తొండం కాళ్ళు పొట్టిగా ఉండటంతో జనానికి పందిలా కనిపించింది. గొడవైంది. ప్రభుత్వం ఆ నాణేలను వెనక్కి తీసుకుని చాలావరకు కరిగించేసింది, 1912 నుంచి ఏనుగును సరిచేసి కొట్టారు. 'పంది రూపాయి'కి ఇవాళ ధర పలికేది అందుకే. 1917 రూపాయిలో 7 తల గీకేస్తే 1911 అయిపోతుంది. కానీ అంకె మారినంత మాత్రాన ఏనుగు మారదు. అందుకే 1911 చూపిస్తే ఏడాది జోలికి పోకుండా నాణెం తిప్పి భూతద్దంలో ముందు ఏనుగును చూడండి. తొండం పొడుగ్గా, స్పష్టంగా కనపడితే అది 1912 తర్వాతదే, వెనక ఏ అంకె ఉన్నా సరే.

1939 రూపాయి ఇంకా అరుదు, ఇంకా ఖరీదు, ఇంకా ఎక్కువ నకిలీలు. దాన్ని రెండు దారుల్లో తయారుచేస్తారు. 1938లోని 8ని 9గా చెక్కడం ఒకటి. 1940వ దశకం నాణెం మీద ఏడాదిని మార్చడం ఇంకోటి. రెండోదాన్ని లోహం పట్టిస్తుంది: 1939 దాకా రూపాయిలో వెండి 91.7 శాతం, 1940 నుంచి 50 శాతమే. మొదటిదానికి మాత్రం భూతద్దమే దిక్కు. చివరి అంకె చుట్టూ నేల, అంటే బొమ్మా అక్షరాలూ లేని చదును భాగం, చూడండి. అచ్చుతో కొట్టిన నాణెంలో అంకె నేలలోంచి లేచినట్టుంటుంది, చుట్టుపక్కల మెరుపు ఒకే తీరున సాగుతుంది. చెక్కినచోట సన్నని గీతలు, చిన్న గుంట, లేదా ఆ ఒక్కచోటే వేరే నిగారింపు కనిపిస్తుంది. అంకె అతికించి ఉంటే మొదట్లో సన్నని గీత తేలుతుంది. దీపాన్ని పైనుంచి వేయకుండా పక్కనుంచి, వాలుగా వేసి నాణేన్ని నెమ్మదిగా తిప్పండి. ఎండలో చూసి బాగుందనుకున్నవి ఈ వెలుగులో బయటపడతాయి. ఇంత ఖరీదైన నాణేన్ని ఫొటో చూసి మాత్రం కొనొద్దు.

త్రాసు, నీళ్ళ గ్లాసు

బ్రిటిషు రూపాయి బరువు 11.66 గ్రాములు, అడ్డకొలత సుమారు 30.5 మిల్లీమీటర్లు. అరిగినది కొంచెం తగ్గొచ్చు. 11.4 ఉండి బొమ్మ బాగా అరిగి ఉంటే అనుమానం అక్కర్లేదు. బొమ్మ కొత్తదిలా నిగనిగలాడుతూ బరువు 10.5 ఉంటే కిందపెట్టేయండి.

బరువు సరిగ్గా పెట్టిన నకళ్ళూ ఉంటాయి. వాటికి నీళ్ళ పరీక్ష. గ్లాసులో నీళ్ళు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. నాణేనికి దారం కట్టి, గ్లాసు అడుగుకూ పక్కలకూ తగలకుండా పూర్తిగా మునిగేలా పట్టుకోండి. బుడగలుంటే కదిలించి పోగొట్టండి. ఇప్పుడు త్రాసు చూపే అంకెతో నాణెం బరువును భాగించండి. 91.7 శాతం వెండి రూపాయి అయితే త్రాసు 1.13 దగ్గర ఆగుతుంది, భాగిస్తే 10.3 వస్తుంది. జర్మన్ సిల్వర్‌తో (వెండి లేని రాగి, నికెల్, జింకు మిశ్రమం) చేసినదయితే త్రాసు 1.35 చూపిస్తుంది, భాగిస్తే 8.6 దగ్గర వస్తుంది. సగం వెండి నాణెం ఈ రెంటికీ మధ్యలో, 9.5 ప్రాంతంలో ఉంటుంది. ఇందాక చెప్పిన 1940వ దశకం నాణెం ఇక్కడ దొరికిపోతుంది. గీటురాయి మీద గీయడం, యాసిడ్ చుక్క వేయడం కంటే ఇది నయం, నాణేనికి మచ్చ పడదు.

అయస్కాంతానికి వెండి రూపాయి అంటుకోకూడదు. కానీ "అంటుకుందంటే దొంగదే" అన్న సూత్రం గుడ్డిగా వాడొద్దు. పులి బొమ్మ ఉన్న 1947 రూపాయి స్వచ్ఛమైన నికెల్, అది అసలైనదయితేనే అంటుకుంటుంది. మనం వాడే స్టీలు రూపాయిలూ అంటుకుంటాయి.

పోతపోసిన నకలును అంచు పట్టిస్తుంది. నాణేన్ని నిలబెట్టి చుట్టూ తిప్పి చూడండి. అంచు మధ్యన సన్నని అతుకు గీత, లేదా దాన్ని పోగొట్టడానికి ఆకురాయి పెట్టిన గుర్తులు ఉంటాయి. అంచు గీతలు ఒకచోట దట్టంగా, ఒకచోట అలుక్కుపోయి ఉంటాయి. నేల మీద సూది మొనంత రంధ్రాలు, సబ్బు అరిగినట్టు మొద్దుబారిన అక్షరాలు కూడా పోత గుర్తులే.

రంగు మీద నమ్మకం పెట్టుకోవద్దు. నలుపు, పచ్చ రంగు పూసి పాతదనం తెప్పించడం ఒక పూట పని. దూదికి అసిటోన్ అద్ది తుడిస్తే చాలా పూతలు ఊడి వస్తాయి, వెండికి ఏమీ కాదు. అంతకుమించి శుభ్రం చేయొద్దు. చింతపండు, విభూతి, పాత్రలు తోమే పొడి పెట్టి మెరిపించిన నాణేనికి అసలైనదయినా ధర పడిపోతుంది.

మన వైపు ఇంకో మార్పు తరచు కనిపిస్తుంది. రూపాయిలను, కాసులను మెళ్ళో దండలుగా వేసుకున్న ఇళ్ళు కదా. కొక్కెం తీసేసి, అతుకును అరగదీసి, 'మంచి స్థితి' అని అమ్ముతారు. రాజు తల పైభాగాన అంచులో మూడు నాలుగు మిల్లీమీటర్ల మేర గీతలు పోయి నున్నగా ఉందంటే అక్కడ టంకం పడిందన్నమాట.

బంగారమైతే

కాసుల పేరులోని కాసు 22 క్యారెట్ల బంగారమే కావచ్చు, అయినా టంకశాల నాణెం కాకపోవచ్చు. కంసాలులు సవరను (బ్రిటిషు బంగారు నాణెం) నమూనాలో సొంతంగా అచ్చువేసిన కాసులు ఊరూరా ఉన్నాయి. అందుకే "బంగారం పరీక్ష చేయించాం" అన్న మాట ఇక్కడ చెల్లని కాణీ. సవరను బరువు 7.98 గ్రాములు, అడ్డకొలత 22 మిల్లీమీటర్లు. బొంబాయిలో సవరన్లు కొట్టింది 1918లో మాత్రమే, వాటి మీద 'ఐ' అన్న ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. 2013 నుంచి మన దేశంలో కొట్టిన కొత్త సవరన్ల మీదా ఆ అక్షరం ఉంటుంది. అవి కాకుండా ఆ అక్షరం ఉండి పాత ఏడాది ఇంకోటయితే కొట్టినవాడికి చరిత్ర తెలియదని అర్థం.

శ్రీకృష్ణదేవరాయల బాలకృష్ణ వరహాకు మన జిల్లాలో ప్రత్యేక మోజు. 1514లో ఉదయగిరి కోట గెలిచి అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని రాయలు హంపికి తీసుకెళ్ళాడు. ఆ విజయానికీ ఈ నాణేనికీ ముడిపెడతారు. అసలు వరహా చాలా చిన్నది, పన్నెండు మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది, బరువు 3.4 గ్రాములు. వెనక మూడు వరసల్లో నాగరి లిపిలో 'శ్రీ ప్రతాప కృష్ణరాయ' అని ఉండాలి. నకిలీలు చేసేవాళ్ళకు లిపి రాదు, బొమ్మలా దించుతారు, అక్షరాలు వంకర గీతలవుతాయి. కాబట్టి కృష్ణుడి వైపు ఎంత ముద్దుగా ఉన్నా ముందు వెనకవైపు చదవండి. చదవడం రాకపోతే చదివేవాళ్ళకు చూపించండి. చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో నాణేల విభాగముంది. నెల్లూరు నుంచి పొద్దున రైలెక్కితే చూసుకుని రాత్రికి ఇల్లు చేరొచ్చు.

వింత నాణేలు

రెండువైపులా బొమ్మే ఉన్న రూపాయి గారడీ సామాను. ఒక నాణేన్ని గిన్నెలా తొలిచి, ఇంకోదాన్ని సన్నగా చెక్కి అందులో బిగిస్తారు. అతుకు కోసం బయటి అంచు వెతికితే దొరకదు, నాణెం ముఖం మీద గట్టు (చుట్టూ కాస్త ఎత్తుగా లేచి ఉండే వలయం) లోపలి వైపున చూడండి. బల్ల మీద వేస్తే మోత కూడా చచ్చుగా వస్తుంది.

బంగారు పూత రూపాయి, వేంకటేశ్వరుడి రంగు బొమ్మ అద్దిన అయిదు రూపాయలు: పూత, రంగు బయటివాళ్ళ పనే. చెలామణీకి వదిలిన ఏ నాణేనికీ మన టంకశాల రంగు వేయలేదు. జ్ఞాపికగా బాగుంటే ముఖవిలువకు కాస్త ఎక్కువిచ్చి తీసుకోండి.

'మింట్ ఎర్రర్' (టంకశాలలో జరిగిన పొరపాటు) అని వచ్చేవాటి దగ్గర కొంచెం ఆగాలి. ముందు కొట్టిన నాణెం అచ్చులోనే ఉండిపోతే తర్వాతి బిళ్ళ మీద ఒకవైపు మామూలు బొమ్మ, రెండోవైపు అదే బొమ్మ తిరగబడి లోపలికి గుంటగా పడుతుంది. ఇది నిజంగా జరిగే లోపం. నకిలీవాడు రెండు నాణేల్ని వైసులో పెట్టి నొక్కుతాడు. అప్పుడు గుంట బొమ్మ కింద నాణెం సొంత బొమ్మ చిదికి కనిపిస్తూనే ఉంటుంది, అవతలి వైపు చదునవుతుంది. అంచు తెగిన నాణెమైతే తెగినచోటుకు సరిగ్గా ఎదురుగా ఉన్న గట్టును చూడండి. టంకశాలలో తెగినదయితే అక్కడ గట్టు సాధారణంగా బలహీనంగా ఉంటుంది. కత్తిరితో తెగినదానికి గట్టు నిండుగా ఉంటుంది. ఏడాది కింది టంకశాల గుర్తును కూడా అతికిస్తారు, గీకేస్తారు. నక్షత్రముంటే హైదరాబాదు, డైమండ్ అయితే ముంబై, చుక్క నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఏ గుర్తూ లేదంటే, పోయిందో అసలే లేదో అంకె కింద నేల చూసి తేల్చుకోవాలి.

ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణెం 2023 ఆగస్టు 28న విడుదలైంది. 44 మిల్లీమీటర్లు, 35 గ్రాములు, సగం వెండి. టంకశాల పెట్టెలో పెట్టి అమ్మింది, చెలామణీకి రాలేదు. విడిగా చేతికిస్తే ముందు త్రాసు మీద పెట్టండి.

దీనికి తలకిందులుగా, అసలునే నకిలీ అనడం కూడా మన అంగళ్ళలో ఉంది. పది రూపాయల బిళ్ళను గీతలు లెక్కపెట్టి వెనక్కిచ్చేవాళ్ళకు చెప్పండి: పద్నాలుగు నమూనాలు వచ్చాయనీ, అన్నీ చెల్లుతాయనీ రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించింది. రూపాయి గుర్తు ఉన్నవీ లేనివీ రెండూ అసలే, ఆ గుర్తు నాణేల మీదకు వచ్చింది 2011లో.

డబ్బు ఇచ్చేటప్పుడు, అడిగినప్పుడు

వైష్ణోదేవి బొమ్మ ఉన్న 2012 నాటి అయిదు, పది రూపాయల నాణేలు అసలైనవే, కానీ వాటికి లక్షలిస్తామన్న ప్రకటనలు అబద్ధం. కొంటామని చెప్పి రిజిస్ట్రేషన్ అనీ జీఎస్టీ అనీ మన దగ్గరే డబ్బు అడుగుతారు. తన పేరు వాడుకుని ఇలా ఫీజులు వసూలు చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

కొనేటప్పుడు బిల్లు అడగండి. బిల్లు మీద రాజు, ఏడాది, బరువు రాయించి, నకిలీ అని తేలితే వెనక్కి తీసుకుంటానన్న మాట కూడా రాయించండి. మాట రాయడానికి వెనకాడేవాడి దగ్గర వెండి ధరకు మించి పెట్టొద్దు.

పొలంలో దొరికిందని తెచ్చేవాటి సంగతి వేరు. 1780వ దశకంలో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుకలు తగిలాయి. తవ్వితే పాత గుడి శిథిలం, దాని కింద చిన్న కుండలో రోమను బంగారు నాణేలు బయటపడ్డాయి. పాత బంగారం కింద అమ్మేయడంతో చాలావరకు కరిగిపోయాయి, ముప్పై చిల్లర మాత్రం మిగిలాయి. అందుకే "మట్టిలో దొరికింది" అనే కథ ఈ జిల్లాలో నమ్మేలా ఉంటుంది, దొంగ సరుకు అమ్మేవాడికీ అదే కావాలి. నిజంగానే దొరికితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. అబద్ధమైతే నకిలీ, నిజమైతే చట్టం. రెండువిధాలా కొనడం మీకు మంచిది కాదు.

ఇప్పటికే ఇంట్లో నకిలీ ఉంటే పారేయకండి, ఇంకొకరికి అంటగట్టకండి. కాగితం కవరులో వేసి, పైన బరువు, నీళ్ళ పరీక్షలో వచ్చిన అంకె, ఎంతకు కొన్నారో రాసి, 'నకిలీ' అని పెద్దక్షరాలతో రాయండి. రేపు ఇంకో నాణెం చూసేటప్పుడు పక్కన పెట్టుకోవడానికి అది పనికొస్తుంది, మీ తర్వాత పెట్టె తెరిచినవాళ్ళు అసలనుకుని అమ్మబోకుండా ఉంటారు.